తినే ముందు మాట తేల్చుకునే మనిషి

పోయిన వారం ఆత్మకూరు బస్టాండు పక్కన ఒక ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్లు మండింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. నడిమధ్యన మా ఊరి పెద్దాయన బొమ్మ. తలగుడ్డ తీసేసి జుట్టు దువ్వారు, బతికుండగా ఏనాడూ తొడగని తెల్లచొక్కా కంప్యూటరులో తొడిగించారు. కింద ‘మాట తప్పని మహామనిషి’ అని రాశారు. చుట్టూ ఆయనకంటే పెద్ద సైజులో నలుగురు నాయకుల బొమ్మలు. ఆ నలుగురిలో ఒక్కడు కూడా ఆయన బతికుండగా ఆయనకు ఎదురుపడి నిలబడ్డవాడు కాదు.

పేరు మాత్రం బండి నడిపేవాళ్లకు కూడా కనబడేంత లావు అక్షరాల్లో వేశారు. “అడక్కుండా నా పేరు యాడా రాయబాకండి” అనేవాడు ఆయన. కాబట్టి నేను రాయను. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

నేనేమీ ఆయన భక్తుణ్ని కాదు. నాకూ ఆయనకూ పడేది కాదు. మా ఇద్దరి ఊరూ వరికుంటపాడు దగ్గర. నాకు ఉదయగిరిలో పశువుల మందుల దుకాణం. ఆయన గొర్రెల మనిషి. దుకాణానికి వస్తే మెట్టు ఎక్కేవాడు కాదు. కింద నిలబడి కర్రతో కౌంటరు తట్టి, గిరాకీ నిండుగా ఉన్నప్పుడే చూసి మరీ అడిగేవాడు.

“ఏం అల్లుడా, మందులో నీళ్లు పోసినావా, నీళ్లలో మందు పోసినావా?”

వరసకు నేను ఆయనకు అల్లుణ్నీ కాదు, ఏమీ కాదు. గొర్రెల కడుపులో పురుగులు పోయే నట్టల మందు సీసా ఇస్తే మూత తిప్పి, చుక్క నాలిక మీద వేసుకుని, నా దుకాణం ముందరే ఉమ్మేవాడు. “చేదుండాది. పనికొస్తాది.” అంతే, తీసుకుని వెళ్లిపోయేవాడు. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయనకు కోపం వస్తే మనిషితో మాట్లాడేవాడు కాదు. తన కుక్కతో మాట్లాడేవాడు. “చూసినావారా, ఈయన పెద్ద చదువరంట. నీకు తెలిసింది ఈయనకు తెలవదంట.” కుక్క తోక ఊపేది. ఎదుటివాడు ఎవరికి జవాబు చెప్పాలో తెలియక దిక్కులు చూసేవాడు. కుక్క లేనప్పుడు పక్కన ఎవరుంటే వాళ్లే కుక్క. ఆ మర్యాద నాకు చాలాసార్లు దక్కింది.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు కనబడేది బోర్లించిన అరచెయ్యి. కోతలయ్యాక చేలో గొర్రెల మంద కట్టించుకోవడం మా వైపు పద్ధతి. రాత్రిళ్లు మంద పండుకుంటే ఆ ఎరువు రైతుది. బదులుగా రైతు కాపర్లకు తిండి పెడతాడు, గింజలు ఇస్తాడు. కాగితం గీగితం ఉండదు. ఏ చేను, ఎన్నాళ్లు, ఏమిస్తావు అన్నది నలుగురు వినేట్టు చెప్పుకోవాలి. మొదటి పూట తిండే రిజిస్ట్రేషను. తిన్నాడంటే ఒప్పుకున్నట్టే. తిన్నాక కాదంటే ఆ చుట్టుపక్కల వాణ్ని మనిషి కింద లెక్కెయ్యరు. అందుకని ఆయన ముందర సంగటి ముద్ద పెట్టగానే దాని మీద చెయ్యి బోర్లించి కూర్చునేవాడు. మాటలన్నీ తేలేదాకా చెయ్యి తీసేవాడు కాదు. ముద్ద ఆరిపోయేది. ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు.

“ఆవిరికి చెయ్యి కాల్తాది, తియ్యి మామా” అంది ఒకసారి మా ఆవిడ.

“కాలితే నా చెయ్యే గదమ్మా, నీ కూడు గాదు గదా. నీ మొగుణ్ని సరిగ్గా చెప్పమను.”

ఆ ఏడాది ఆయన మంద మా చేలో ఉంది. నా చేనికి ఆనుకునే మా బామ్మర్ది చేను. ఒక సాయంత్రం కాపరి పిల్లలతో మంద చుట్టూ కట్టిన తడికలు కాస్త అటు జరపమన్నాను. ఒక్క రాత్రి. మంద అదే, కాపర్లు వాళ్లే, తిండి మేమే పెడుతున్నాం. తెల్లారేసరికి ఆయన వచ్చి చూశాడు. మంద లేపేశాడు. వెళ్తూ వెళ్తూ ఊరి నడిబజారులో నిలబడి అరిచాడు.

“నీ చేనికని మాటిచ్చినా. నీ బామ్మర్దికి నా మంద ఇచ్చేదానికి నువ్వెవుడివిరా? ఒక్క రాత్రే గదా అంటావు. నన్నడిగితే పండనిచ్చేవోణ్నే. అడిగినావా?”

అందులో నా తప్పు లేదని నేను ఇప్పటికీ అంటాను. గొర్రె అరిగిపోలేదు, తరిగిపోలేదు. దానికి నడిబజారులో ‘రా’ అనాల్సిన పని లేదు. ఆ తర్వాత చాలా కాలం మేం మాట్లాడుకోలేదు. తిరిగి మాట్లాడుకునేలా చేసింది ఒక డాక్టరు.

మా వైపు బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పళ్లు గారపట్టడం, కీళ్లు పట్టెయ్యడం పాత కత. ఈ మధ్య కిడ్నీలు పోతున్నాయి. కల్లూ సారా ముట్టనివాళ్లకు, బీపీ షుగరు లేనివాళ్లకు కూడా పోతున్నాయి. ఆయన కొడుకు అట్లాగే పోయాడు. ఇంట్లో కోడలు, వింజమూరులో చదువుకునే మనవరాలు మిగిలారు.

ఆ సమయంలోనే పట్నం నుంచి ఒక పరిశోధన సంస్థ వాళ్లు వచ్చి బడిలో క్యాంపు పెట్టారు. ఆయన మందతో అనంతసాగరం వైపు పోయి ఉన్నాడు. ఖాళీ కడుపుతో రక్తం తీస్తే కళ్లు తిరిగి పడిపోతారని, వచ్చినవాళ్లకు వచ్చినట్టే పులిహోర, అరటిపండు పెట్టారు. అందరూ తిన్నాక డాక్టరు కాగితాలు చదవడం మొదలుపెట్టాడు. మీ రక్తం దేనికి వాడతాం, వివరాలు ఎక్కడ దాస్తాం, ఇష్టం లేకపోతే మానేయొచ్చు అని ఏవేవో. ఒక్కరూ వినలేదు. తినేశాం గదా, ఇంకేముంది? తిన్నాక ‘వద్దు’ అనడం మా ఊళ్లో సిగ్గుమాలిన పని. డాక్టరేమో అందరూ అర్థం చేసుకుని ఒప్పుకున్నారనుకున్నాడు. వరసగా వేలిముద్రలు పడ్డాయి.

నేను మాత్రం లేచి అడిగాను. “సార్, ఈ వివరాలు మీ దగ్గరే ఉంటాయా, ఇంకెవరికైనా ఇస్తారా?”

“మీరేం చేస్తుంటారు?” అన్నాడు.

“పశువుల మందుల షాపండి.”

“అయితే పశువుల సంగతి చూసుకోండి. మనుషుల సంగతి మేం చూసుకుంటాం.”

నర్సులు నవ్వారు. మా ఊరివాళ్లూ నవ్వారు. చివర్న డాక్టరు చేతులు జోడించి “మీ రక్తం ఊరికే పోదు. ఎవరి రిపోర్టు వాళ్ల ఇంటికే పంపిస్తాం” అన్నాడు. చప్పట్లు కొట్టారు.

పెద్దాయన తిరిగొచ్చి విన్నాడు. కోడల్ని ఒకటే అడిగాడు.

“తినకముందు చెప్పినాడా, తిన్నాక చెప్పినాడా?”

“తిన్నాకనే మామా ఏందో చదివినాడు.”

ఆయన కుక్క వైపు తిరిగాడు. “చూసినావా? కూడు పెట్టి మాట తీసుకున్నాడు. మాట చెప్పి కూడు పెట్టలా.”

రిపోర్టులు రాలేదు. ఒక పంటకాలం గడిచింది, రెండోదీ గడిచింది. నేను అర్జీలు రాశాను. రిజిస్టరు పోస్టు, ఈమెయిలు, ఫోను. ఊళ్లో నన్ను ‘అర్జీల అన్న’ అనడం అప్పుడే మొదలైంది. చివరికి ఒకరోజు పెద్దాయన దుకాణం దగ్గరికి వచ్చాడు. మొదటిసారి మెట్టెక్కాడు.

“అల్లుడా, ఆత్మకూరుకు పోదాం రా. కోడలికి కాళ్లు లాగతుండాయంట. దాని రక్తంలో ఏముండాదో ఆ నాయాళ్లకి తెలుసు, దానికి తెలవదు. ఇదేం నాయం?”

నెల్లూరులో మళ్లీ పరీక్ష చేయిద్దామన్నాను. వినలేదు. “ఇచ్చింది ఒకసారి ఇచ్చినాం. వాడు చెప్పాల. వాడు చెప్పకుండా మళ్లా యాడకో పోయి పొడిపించుకునేదేంది?” అన్నాడు. ఇంత మొండితనం నేనింకెక్కడా చూడలేదు. నన్ను చూసి కొందరు ఆ మాటే అంటారు గాని, నాది వేరు.

ఆత్మకూరులో ఒక ఆరోగ్యశాఖ అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పెద్దాయన గ్లాసు మీద చెయ్యి బోర్లించాడు.

“తాగండి, చల్లారిపోతుంది.”

“చెప్పండి ముందు.”

అధికారి నా వైపు చూశాడు. “టీ కూడా తాగడా ఈయన?” మా ఎదుటే ఎవరికో ఫోను చేసి మాట్లాడి పెట్టేశాడు. “పేర్లన్నీ తీసేశారటండీ. గోప్యత కోసం. ఇప్పుడు ఏ రక్తం ఎవరిదో చెప్పడం కుదరదట. పేరే లేనప్పుడు మీకొచ్చిన నష్టం ఏముంది?”

పెద్దాయనకు కోపం వచ్చింది. నా వైపు తిరిగాడు. ఆ పూట కుక్కను నేను.

“అల్లుడా, గొర్రెకి చెవి గుర్తు ఎందుకేస్తాం? తప్పిపోతే ఇల్లు చేరేదానికి. ఆ గుర్తు చెరిపేసేదెవురు? కొనుక్కునేవోడు చెరపడు, కాసేవోడు చెరపడు. ఎవురు చెరుపుతారో ఈ సారుకు చెప్పు.”

నేను చెప్పే పని లేకుండానే సారుకు అర్థమైంది. టీ చల్లారిపోయింది. మేం బస్సెక్కాం.

నిజానికి పేరు దాచడం మంచిదే. ఎవరి కిడ్నీ ఎంత చెడిందో అందరికీ తెలిస్తే పెళ్లిళ్లు చెడతాయి, పనులు పోతాయి. కానీ బయటివాడికి కనబడకుండా దాచడం వేరు, మా దగ్గరికి తిరిగొచ్చే దారిని పూడ్చెయ్యడం వేరు. ఒక తాళం వేసి, తాళంచెవి ఒక నమ్మకస్తుడి దగ్గర పెట్టొచ్చు గదా? అది వాళ్లకు తెలియక కాదు. తెలిసే చేశారు. చెప్పడం మొదలుపెడితే మళ్లీ రావాలి, డబ్బు పెట్టాలి, మందులివ్వాలి. తీసుకోవడం వరకే వాళ్లకు బడ్జెట్టు.

కొన్నాళ్లకు మరో సంస్థ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, గట్టి గొంతు. బడి వరండాలో అందర్నీ కూర్చోబెట్టి, వచ్చీరాగానే దాచకుండా చెప్పేసింది.

“మీ ఊరివాళ్ల రక్తం వివరాలు మేం ఇప్పటికే చూశాం. కొంతమందికి కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. అందుకే వచ్చాను.”

ఊరు ఊరంతా లేచింది. ఎవరివి చూశావు? ఎట్లా వచ్చాయి నీకు? ఎవరికి మొదలైంది? ఆమె అందరివీ విని, మొదటి సంస్థ ఆ వివరాలను చాలా పరిశోధన సంస్థలకు పంచిందని, తమకూ అలాగే వచ్చాయని, పేర్లు మాత్రం రాలేదని చెప్పింది. మా రక్తం ఎక్కడెక్కడికో తిరిగింది. మా ఇళ్లకు మాత్రం రాలేదు.

ఆమె మనుషులు ఇడ్లీ పొట్లాలు పంచారు. పెద్దాయన చెయ్యెత్తాడు. “ఎవురూ ఇప్పబాకండి.” ఆయన వైపు ఇళ్లవాళ్లెవరూ విప్పలేదు. పిల్లలు ఏడుస్తున్నా విప్పలేదు.

“చెప్పమ్మా. రక్తం తీసుకుంటే ఏమిస్తావు?”

“ఎవరిది వాళ్లకు ఈ రోజే చెప్తాను, చెవిలో. మందులు అవసరమైతే రాసిస్తాను, నెలనెలా చూస్తాను.”

“బాగుండాది. రెండోది. ఇంకోడికి ఇస్తావా?”

“ఇవ్వాలి తాతా. ఒక్క ఊరి రక్తం చూస్తే ఈ జబ్బు ఎందుకొస్తోందో తేలదు. చాలా ఊళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.”

“మా ఎరువుతో నూరు చేన్లు పండుతాయంటే వద్దన్నానా? అడగమన్నా.”

“అడుగుతాను. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో మీ ఊరివాళ్లు ఇద్దరు కూర్చుంటారు. వాళ్లు వద్దంటే ఇవ్వను.”

నాకు ఆ క్షణాన ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. నేను అర్జీల్లో రాసి రాసి అడిగింది అదే.

“మూడోది” అన్నాడు పెద్దాయన. “నువ్విచ్చినోడు మళ్లా ఇంకోడికి ఇయ్యడని మాటియ్యి.”

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పి ఉంటే అయిపోయేది. మొదటి డాక్టరయితే చేతులు జోడించి చెప్పేసేవాడు.

“ఇవ్వకూడదని రాయించుకుంటాను. ఇస్తే కేసు వేస్తాను. కానీ ఇవ్వడని మాట మాత్రం ఇవ్వలేను తాతా. నా చేతిలో లేనిదానికి మాట ఎలా ఇవ్వను?”

పెద్దాయన లేచి పొట్లం ఆమె బల్ల మీద పెట్టాడు. “లెయ్యండ్రా.”

లేచారు. నేను అడ్డం పడ్డాను. “మామా, ఆ మాత్రం కూడా ఎవురూ చెప్పలా. ఒక్కసారి ఆలోచించు” అన్నాను. “నువ్వు బామ్మర్దికి మంద తోలినోడివి. నువ్వట్టనే చెప్తావు” అన్నాడు, డాక్టరమ్మ ముందర. అదీ నేను మర్చిపోలేదు.

అప్పుడు చెరువు కట్ట కింద ఇళ్ల నుంచి వచ్చిన చెంచమ్మ, చేపలు పట్టి అమ్ముకునే మనిషి, కూర్చున్నచోటనే గట్టిగా నవ్వింది.

“మందంట, మంద! నీ గొర్రెలు నీ మంద పెద్దాయనా. మేం గాదు. మా తరపున మాట తేల్చమని నిన్నెవురు పిలిచినారు? మమ్మల్నెప్పుడన్నా అడిగినావా?” అని పొట్లం విప్పి ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. “చప్పగుండాది డాక్టరమ్మా, కారంపొడి లేదా?”

ఆమె ఇళ్లవాళ్లు అందరూ రక్తం ఇచ్చారు. మధ్యాహ్నానికల్లా ఎవరిది వాళ్లకు చెప్పేశారు. జబ్బు మొదలైనవాళ్లకు మాత్రలిచ్చారు. వాళ్లు ఇప్పుడు పనులు చేసుకుంటున్నారు.

పెద్దాయన కోడలు వరండా మెట్టు మీద ఆగింది. బల్ల వైపు చూసింది, మామ వీపు వైపు చూసింది. దిగి ఆయన వెనకనే వెళ్లిపోయింది.

అబద్ధం చెప్పినవాడి ముందు ఊరంతా వరసలో నిలబడి చెయ్యి చాపాం. నిజం చెప్పిన మనిషి ముందు సగం ఊరు లేచిపోయింది. నా కోపమంతా ఇక్కడే ఉంది. రక్తం దొంగిలించినవాణ్ని క్షమించొచ్చునేమో గాని, తర్వాత వచ్చే నిజాయితీపరుణ్ని కూడా నమ్మలేని స్థితికి మమ్మల్ని తెచ్చినవాణ్ని నేను క్షమించను.

మరుసటి వేసవిలో కోడలి మొహం ఉబ్బింది. నెల్లూరు తీసుకెళ్లాం. డాక్టరు కాగితం చూసి, కాస్త ముందుగా తెలిసి ఉంటే మాత్రలతో చాలాకాలం నెట్టుకొచ్చేవాళ్లమన్నాడు. పెద్దాయన ఆ మాటను రెండోసారి చెప్పించుకున్నాడు. అప్పటినుంచి డయాలిసిస్. వారం వారం ఆమెను బస్సెక్కించి తీసుకెళ్లేది ఆయనే. మందలో సగం అమ్మేశాడు. నా దుకాణం ముందునుంచి పోతూ కర్రతో కౌంటరు తట్టడం మానేశాడు. మానేస్తే నాకు హాయిగా ఉండాలి. ఉండలేదు.

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి మనవరాలు వింజమూరు నుంచి వచ్చి ఉంది. పద్దెనిమిది నిండిన పిల్ల. వాళ్ల నాయన పోయిన జబ్బు, వాళ్లమ్మకు వచ్చిన జబ్బు తనకూ ఉందేమోనన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట. పెద్దాయన వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. లెయ్యండ్రా అనలేదు, కూర్చోండ్రా అనలేదు. కోడలు ఆయన వైపు చూడకుండా పిల్ల చెయ్యి పట్టుకుని నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

“ముందు మా పిల్లకి చెప్పండి. ఆ తర్వాత మీరు ఎవురికి చెప్పుకుంటారో అది పిల్లని అడగండి” అంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ పిల్లను లోపలికి పిలిచి తలుపు వేసింది. చాలాసేపు మాట్లాడింది. పిల్ల బయటికొచ్చి చెప్పులేసుకుంది. మొహంలో ఏమీ తెలియలేదు. నేను దగ్గరికెళ్లి “ఏమన్నారమ్మా?” అన్నాను. “నీకెందుకు మామా” అంది. ఇన్ని అర్జీలు రాసినవాడికి దక్కిన జవాబు అది. బాధేసింది. తర్వాత ఆలోచిస్తే, నేను అర్జీల్లో అడిగింది ఆ హక్కే.

పెద్దాయన కోడల్ని పిలిచాడు. “ఏం చెప్పినారు దానికి?”

“అది పిల్లది మామా. దాన్నే అడుగు.”

పిల్ల అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉంది. అడుగుతాడేమోనని చూసింది కూడా. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నేల చూశాడు. కాసేపటికి లేచి గొర్రెల వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం లేడు. ఉన్నన్నాళ్లూ పిల్ల ప్రతి సెలవుకీ వచ్చింది, ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నది. ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే అని ఆయన పోయాక పిల్ల అంది. అధికారులతో, డాక్టర్లతో, నాతో, ఊరందరితో ‘అడగండి, అడగండి’ అని పోరిన మనిషి. సొంత మనవరాల్ని ఒక్కమాట అడగలేక, తెలుసుకోకుండానే పోయాడు.